పసుపెక్కని గొట్టాలు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో కోటానుకోట్ల ప్రాణులున్నాయి. ఒక ద్వారం ఉంది. ద్వారం ముందు ఎలుగెత్తి పిలవాల్సిన ఒక వీరుడున్నాడు, అతని నోటి మీద చెయ్యి వేసి కూర్చున్న వాడొకడున్నాడు. దూరదేశం నుంచి ఒకరు వస్తేగాని ఆ చెయ్యి తొలగదు. మధ్యలో కన్నీళ్ళున్నాయి, ద్రోహం లాంటిది కూడా ఒకటుంది.

సరే, అంత లేదు. ప్రాణులంటే ఈస్ట్. బన్ను పొంగడానికి వేస్తారే, అదే. ద్వారం, వీరుడు అన్నీ దాని లోపల ఉన్నాయి, కంటికి కనపడవు. రణభూమి విరుదునగర్‌లో ఒక కాలేజీ, అందులో ఫ్యాను తిరగని ఒక ల్యాబు. దూరదేశం నుంచి వచ్చేది గెలాక్టోజ్ అనే చక్కెర. తెల్లటి పొడి, సీసాలో ఉంటుంది. ద్రోహం గురించి తరువాత చెప్తాను, అది కూడా పెద్దగా ఉండదు. కన్నీళ్ళు మాత్రం నిజమైనవే. అవి మా అక్కవి.

అక్క అంటే తోడబుట్టింది కాదు. ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టుకు ఇద్దరిద్దర్ని జతచేస్తే నాకు దొరికిన జత. నాకంటే ఏడాది పెద్ద. అక్కా అని పిలవాలని నేనే నిర్ణయించుకున్నాను. పేరు పెట్టి పిలిస్తే సగం టిఫిన్ అడగడానికి మొహమాటం. అక్కనైతే అడగనక్కర్లేదు, తీసుకోవచ్చు.

నేను కోవిల్‌పట్టి నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని. మా అమ్మ అక్కడే కడలమిఠాయి చేసే పట్టడిలో, అంటే చిన్న కార్ఖానాలో, పని చేస్తుంది. వేరుశనగ పప్పులో బెల్లం పాకం పోసి, బల్ల మీద పరిచి, ఆరకముందే ముక్కలు కొయ్యడం. మా ఇంట్లో తలదిండ్లకు కూడా పాకం వాసన. అక్కది నాగలాపురం. నల్లరేగడి మీద మిరప, మినుము వేసుకుని వాన కోసం చూసే ఇల్లు. ఆమె హాస్టల్లో ఉండేది. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగేనని తెలియక మొదటి నెలంతా మేమిద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. ఒకరోజు వాటర్‌బాత్ వేడెక్కకపోతే ఆమె దాన్ని శుద్ధమైన తెలుగులో, అది పుట్టిన రోజుతో సహా తిట్టింది. మా అవ్వ బతికుంటే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని శ్రద్ధగా వినేది. ఆ రోజు నుంచి మాకు తమిళం అక్కర్లేకపోయింది, మాట చివర ఒత్తి పలికే ‘దా’ తప్ప.

అక్క గదికి ఎవరొచ్చినా ఒక పద్ధతి ఉండేది. ఎండన పడి వచ్చిన మనిషికి ముందు చిన్న బెల్లం ముక్క, చెంబుడు నీళ్ళు. ఆ తరువాతే సంగతేమిటని అడగడం. ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఆయనకూ అంతే. ఒకసారి వార్డెన్ తిట్టడానికి వచ్చి, బెల్లం నోట్లో పెట్టుకుని, అది కరిగేదాకా తిట్టలేక నిలబడింది. కరిగాక దేనికొచ్చిందో మరిచిపోయింది.

ఇక మా ప్రాజెక్టు. ఒక్కో జీన్‌ను ఒక్కో ఇల్లనుకోండి. ఇంటి ముందు తిన్నె ఉంటుంది కదా, దాన్నే ప్రమోటర్ అంటారు. ఇంట్లోపల ఏముందన్నది ఒక సంగతి. ఇల్లు తెరుచుకుంటుందా లేదా అన్నది మాత్రం ఆ తిన్నె మీద ఎవరు వచ్చి కూర్చున్నారన్నదాన్ని బట్టే. గెలాక్టోజ్‌ను అరిగించే జీన్ తిన్నె మీద ఒక ప్రోటీన్ కూర్చుని ఉంటుంది. దాని ఉద్యోగం పిలవడం. అది పిలిస్తే నకలు తీసే యంత్రాంగం వచ్చి, తిన్నె దగ్గర దిగి, జీన్‌ను చదువుకుంటూ నకలు తీస్తుంది. ఆ నకలు చూసి కణం తనకు కావాల్సిన ఎంజైము చేసుకుంటుంది. కానీ పిలిచే ఆ ప్రోటీన్ నోటి మీద ఇంకో ప్రోటీన్ చెయ్యి వేసి కూర్చుంటుంది. గెలాక్టోజ్ వచ్చిన రోజున మూడో ప్రోటీన్ ఒకటి దాన్ని పట్టుకుని, నేరుగా పోయి, ఆ చేతిని లాగేస్తుంది. అప్పుడు పడుతుంది కేక.

ఆ కేక మనకు వినపడదు కాబట్టి ఎవరో తెలివైనవాళ్ళు ఆ తిన్నెను తీసుకుపోయి వేరే ఇంటి ముందు కట్టారు. ఆ ఇంట్లో తయారయ్యే ఎంజైము రంగులేని ఒక పరీక్ష మందును పసుపుగా మారుస్తుంది. మా ఈస్ట్ అలాంటిదే. కాబట్టి పని తేలిక. ఈస్ట్‌ను రాత్రంతా రాఫినోజ్ అనే, ఎటూ మొగ్గని ఒక చక్కెర నీళ్ళలో పెంచడం, పొద్దున తిప్పే యంత్రంలో పెట్టి అడుక్కు దింపి, కడిగి, గెలాక్టోజ్ నీళ్ళలోకి మార్చడం, మధ్యాహ్నం కొంచెం తీసి గొట్టంలో పరీక్ష మందు పోయడం. పసుపు వచ్చిందంటే తిన్నె మీద కేక పడింది. రాలేదంటే లేదు.

రాలేదు.

పని పంచుకోవడం మొదటిరోజే అయిపోయింది. నాకు పొద్దున రైలు ఆలస్యం కాబట్టి తిప్పడం, కడగడం, గెలాక్టోజ్‌లోకి మార్చడం అక్క పని. మందు పోసి రంగు చూడడం నా పని. అంటే కష్టం ఆమెది, దుర్వార్త నాది. మొదటిసారి గొట్టాలన్నీ మంచినీళ్ళలా ఉన్నాయి. రెండోసారి ఇంకా శుభ్రంగా ఉన్నాయి. మా ప్రాజెక్టు చూసే మేడమ్ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి, తిప్పి చూసి, ఏమీ అనకుండా స్టాండులో పెట్టారు. మేడమ్ తిడితే పరవాలేదు. ఏమీ అనకపోతేనే భయం.

“గురువారం బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. మంగళవారం ఇంకొక్కసారి చెయ్యండి. అంతే,” అన్నారు తమిళంలో.

నాకు పోయేదేమీ లేదు. ఉద్యోగం ఎవరూ ఇస్తామనలేదు కాబట్టి ఎవరూ లాక్కోలేరు. అక్క సంగతి వేరు. మదురైలో ఒక ల్యాబులో ఆమెకు పని మాటయింది. ఈ ప్రాజెక్టు పాసై కోర్సు పూర్తయితే జూన్‌లో చేరాలి. కాకపోతే ఆ చోటికి ఇంకొకరు వస్తారు, ఆమె మామ మిరపకాయల గోడౌనుకు పోతుంది. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఆమె అక్కడే తాలుకాయలు ఏరింది. ఇప్పటికీ ఎవరైనా టిఫిన్ డబ్బాలో మిరప్పొడి మూత తీస్తే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

ఆ సాయంత్రం ఆమె ల్యాబులో కూర్చుని ఏడ్చింది.

“నా రాతలోనే మిరపకాయలు ఉండాయే.”

“అక్కా, కొంచెం ఇటు జరిగి ఏడు. అక్కడ ఈస్ట్ పెరిగే మీడియా ఉండాది. ఉప్పు కలిస్తే ఇంకో కారణం వెతకాలి.”

“నీకు అంతా ఎగతాళిదా.”

“ఎగతాళి కాదు. స్టెరైల్ టెక్నిక్.”

ఆమె ఏడుస్తూనే జరిగింది. అది చూస్తే నాకు కొంచెం బాధేసింది. ఏడ్చేటప్పుడు కూడా చెప్పినమాట వినే మనిషి ఫెయిలవడం అన్యాయం కదా.

ఇద్దరం కూర్చుని దోషుల్ని వెతికాం. గెలాక్టోజ్ సీసా పాతదా? వేరే గ్రూపు వాళ్ళు అదే సీసా వాడారు, వాళ్ళకు బాగానే ఉంది. పరీక్ష మందు చెడిందా? అదీ కాదు. ఈస్టే తప్పుదా? మేడమ్ తన చేతులతో ఇచ్చిన ఈస్ట్, అది తప్పనడానికి మాకు ధైర్యం లేదు. అక్క మూడు రోజులుగా సరిగా తినడం లేదని నేను ఇంట్లో చెప్తే మా అమ్మ, “ఆదివారం పిలుచుకొని రా. పురుగుల సంగతి ఆనక చూస్తాము,” అంది.

ఆదివారం అక్క కోవిల్‌పట్టి వచ్చింది. స్టేషన్ నుంచి మా ఇంటికి నడిచేసరికి ముఖం కందిపోయింది. అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

“రా కన్నూ, రా. ఎండలో వచ్చిండావు. కూకో.” చేతిలో విరిగిన మిఠాయి ముక్కలు, చెంబుడు నీళ్ళు పెట్టింది. “ముందు ఇది నోట్లో వేసుకో. తరువాతదా కూడు.”

అక్క ముఖంలో చాలా రోజుల తరువాత నవ్వు. “మా ఇంట్లోనూ ఇట్లదా పిన్నమ్మా.”

అమ్మ ఎదురుగా కూర్చుంది. “ఆ పురుగులు ఇంకా పసుపు కాలేదంటనే?”

“పురుగులు కాదుమ్మా, ఈస్ట్,” అన్నాను.

“ఏదో ఒకటి. పసుపు కావాలంటే చిటికెడు పసుపు వెయ్యరాదా?”

“వెయ్యొచ్చు. ఎగ్జామినర్‌కు కండ్లుండాయి, అదే కష్టం.”

“నువ్వు ఊరికే ఉండవే. నువ్వు చెప్పు కన్నూ, ఏమి పెడతారు వాటికి?”

అక్క మిఠాయి నములుతూ చెప్పడం మొదలుపెట్టింది. “గెలాక్టోజ్ అని ఒక చక్కెర పిన్నమ్మా. వాటికి అది కొత్త. పావం, రాత్రంతా ఒక నీళ్ళల్లో పెరిగినవాటిని పట్టి, మిషన్లో గిరగిరా తిప్పి, కడిగి, మళ్ళీ తిప్పి, తెలియని నీళ్ళల్లో వేసేది. ఎంత అలిసి వచ్చింటాయి! అందుకే పోయగానే ముందు కొంచెం గ్లూకోజ్ ఇస్తాను. తరువాత అవే గెలాక్టోజ్ తింటాయి.”

“మంచి పని చేస్తివి,” అంది అమ్మ. “పెంపకం అంటే ఇదిదా. మా ఇంట్లో ఉండాదే ఒకటి, పిల్లికి కూడా నీళ్ళు పొయ్యదు.”

నా నోట్లో వేరుశనగ పలుకు అలాగే ఆగిపోయింది.

“అక్కా. ఏమిచ్చినావు?”

“గ్లూకోజ్.”

“ఎంత?”

“సుమ్మా, ఊరికే, స్పాచులాతో కొంచెందా.”

“రెండు తూర్లూనా?”

“మరి? మొదట వచ్చినవాటికి ఇచ్చి, రెండో తూరి వచ్చినవాటికి ఇవ్వకుంటే ఎట్లే?”

మా మేడమ్ మొదటి తరగతిలో బోర్డు మీద రాసిన మాట ఒకటుంది. ఈస్ట్‌కు గ్లూకోజ్ అంటే ఇంటి భోజనం. అది ఉన్నంతసేపు గెలాక్టోజ్ ముఖం కూడా చూడదు. గ్లూకోజ్ తగలగానే ఇంకొక ప్రోటీన్ వచ్చి తిన్నెకు అడ్డంగా పడుకుంటుంది. పిలిచే ప్రోటీన్ సంఖ్య కూడా తగ్గిపోతుంది. ఇక గెలాక్టోజ్ ఎంత పోసినా కేక పడదు, నకలు తీసేవాళ్ళు రారు, పసుపు లేదు. ఆ గ్లూకోజ్ అంతా తినేస్తే దారి తెరుచుకుంటుంది. కానీ అక్క చేతి ‘కొంచెం’ నాకు తెలుసు, ఆమె పెట్టిన అన్నం తిన్నదాన్ని. మధ్యాహ్నానికల్లా తరిగిపోయే కొంచెం కాదది.

ఇది ఆమెకు తెలియదా? నాకంటే బాగా తెలుసు. ఇంటర్నల్ పరీక్షలో ఈ ప్రశ్నకు ఆమెకు నాకంటే ఎక్కువ మార్కులు. నేను ఒక్కొక్క ముక్కే చెప్తుంటే ఆమె ముఖం మారుతూ వచ్చింది.

“గ్లూకోజ్ ఉంటే మూసుకుంటుందని నాకు తెలుసునే,” అంది మెల్లగా. “కానీ అది తిండి పెడితే కదా? నేను తిండి పెట్టలేదే. వచ్చినవాళ్ళకు ఇచ్చేది ఇస్తిని. అది తిండి కాదు... మర్యాద.”

“ఈస్ట్‌కు ఆ తేడా తెలియదు అక్కా.”

“నాకు చెప్పలేదేమి?” అని నేను అడగలేదు. ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళిచ్చామని ఎవరు ఎవరికి చెప్తారు? అది పని కింద లెక్కకు వస్తే కదా.

“నా మదురై పనిని నా చేత్తో నేనే చంపుకుంటిని,” అని అక్క చెంబు కింద పెట్టింది.

“చంపలేదు. కడుపునిండా తినిపించినావు. ఈ జిల్లాలో అంత సుఖపడిన ఈస్ట్ ఇంకోటి లేదు.”

అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. “చక్కెర ఇచ్చినందుకా అవి పలకలేదు? నోట్లో మిఠాయి ఉంటే ఎట్ల పలికేది? అరిగినాక పలుకుతాయి. నువ్వు ఏడవొద్దు కన్నూ.”

అక్క ఏడవలేదు. చేతిలో మిగిలిన మిఠాయి ముక్క వైపు చూస్తూ అంది, “నేను హాస్టల్‌కు వచ్చిన దినం, నాగలాపురం నుంచి రెండు బస్సులు మారి వస్తిని పిన్నమ్మా. పెట్టె నెత్తిన పెట్టుకోని. ఆడ అందరూ పేరడిగిరి, ఊరడిగిరి, ఫోటో అడిగిరి. నీళ్ళు తాగుతువా అని ఒకరూ అడగలేదు. ఈ ఈస్ట్ ఫ్లాస్కులో పడినప్పుడంతా నాకు ఆ దినందా గుర్తొచ్చేది.”

నా దగ్గర ఒక జోకుంది. బాగానే ఉండేది. వేరుశనగ పలుకుతో పాటు మింగేశాను.

సోమవారం పొద్దున మేడమ్ దగ్గరికి పోయి అక్కే చెప్పింది. మేడమ్ మొత్తం విన్నారు. కళ్ళజోడు తీశారు. కిటికీ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. కోపమేమో అనుకున్నాం. ఇటు తిరిగేసరికి నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటున్నారు.

“చెయ్యకూడని పని,” అన్నారు, గొంతు సర్దుకుని. “మళ్ళీ చెయ్యి. ఈసారి రెండు ఫ్లాస్కులు పెట్టు. రెంటిలోనూ గెలాక్టోజ్. ఒకదానికి గ్లూకోజ్ కూడా ఇవ్వు, తూచి ఇవ్వు. ఇంకోదానికి ఇవ్వకు. అసలు పోల్చి చూడడానికి మీరు మొదటినుంచీ పెట్టాల్సిన కంట్రోల్ అది. నేను చెప్పలేదా?”

చెప్పారు. గొట్టాలు చాలవని నేనే వద్దన్నాను. మొదట్లో చెప్పిన ద్రోహం ఇదే, దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

మంగళవారం నేను ముందు రైలు పట్టుకుని వచ్చాను, అక్కకు కాపలా. ఆమె ఈస్ట్‌ను తిప్పింది, కడిగింది, రెండు ఫ్లాస్కుల్లోకి సమంగా పోసింది. తూచిన గ్లూకోజ్ చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

“దేనికి ఇచ్చేది?”

“ఏదైనా ఒకటే అక్కా. రెండూ ఒకే ఈస్ట్.”

“అదేనే. ఒకే ఇంటివి. పక్కపక్కన కూర్చోబెట్టి ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటే పంక్తిలో భేదం చేసినట్టు కాదా?”

“సైన్సే పంక్తిలో భేదం అక్కా. ఎడమదానికి వెయ్యి.”

వేసింది. కుడి ఫ్లాస్కు వైపు చూడకుండా మూత పెట్టింది. రెండింటినీ ఇంక్యుబేటర్‌లో ఊపే యంత్రం మీదికి ఎక్కించాం. మధ్యాహ్నం దాకా ఆమె చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది, లోపల ఎవరికో ఆపరేషన్ జరుగుతున్నట్టు. నేను ఆమె టిఫిన్ కూడా తిన్నాను. ఎవరో ఒకరు తినాలి కదా.

మధ్యాహ్నం రెండింటి నుంచీ కొంచెం కొంచెం తీసి, కణాలను పగలగొట్టి, మందు పోశాను. గొట్టాలను వేడినీళ్ళలో నిలబెట్టాను. ఎడమ గొట్టం మంచినీళ్ళు. కుడి గొట్టం కూడా మంచినీళ్ళు. అక్క పెదవులు బిగించింది. నాకూ ఏమీ తోచలేదు. నాకు ఏమీ తోచకపోవడం అరుదు. కాసేపటికి కుడి గొట్టం అడుగున ఏదో అనుమానం. నిమ్మకాయ పిండిన నీళ్ళలా. తరువాత గంజిలో పసుపు కలిపినట్టు. తరువాత అమ్మ పండగకు గడపకు పూసే పసుపే. ఎడమది మాత్రం పక్కనే, తిన్న తృప్తితో, తెల్లగా.

“పలికింది,” అంది అక్క.

“పస్తున్నది పలికింది. తిన్నది నిద్రపోతా ఉండాది.”

ఆమె నన్ను కొట్టింది. గట్టిగానే. ఆ తరువాత అదే చేత్తో నా భుజం పట్టుకుని వదల్లేదు. నేను విడిపించుకోలేదు. నా చేతుల్లో గొట్టాలున్నాయి.

గురువారం ఎగ్జామినర్ వచ్చారు. పెద్దాయన, బీపీ ఉన్నట్టుంది, కుర్చీ ఎక్కడని మొదట అడిగారు. రెండు గొట్టాలూ చూశారు. “మొదటి రెండు సార్లు ఎందుకు రాలేదు?” అని అక్కను అడిగారు.

నేనైతే సీసా మీదో వాతావరణం మీదో తోసేదాన్ని. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అలిసి వచ్చాయని గ్లూకోజ్ ఇచ్చానంది. ఇవ్వగానే తిన్నె మీద ఏ ప్రోటీన్ ఏం చేసిందో, ఎవరి నోటి మీద ఎవరి చెయ్యి ఉందో, అది ఎప్పుడు తొలగుతుందో, గ్లూకోజ్ ఉంటే తొలగినా ఎందుకు లాభం లేదో, తడబడకుండా వరసగా చెప్పింది. రెండు సార్లు చెడగొట్టినదాన్ని ఎవరైనా అంత బాగా చెప్పగలరు, తప్పు లేకుండా చేసిన నేను సగంలో మరిచిపోయి ఉండేదాన్ని. పెద్దాయన విని, “ఎక్కడ సంతకం పెట్టాలి?” అన్నారు. అంతే. పాసయ్యాం; మదురై, జూన్, మిరపకాయలు, అన్నీ ఆ ఒక్క సంతకంతో తేలిపోయాయి. చప్పట్లు లేవు. ఆయనకు బస్సుంది.

అందరూ పోయాక మిగిలిన ఈస్ట్‌ను పారెయ్యాలి. ఊరికే సింకులో పొయ్యకూడదు. ఆటోక్లేవ్‌లో, అంటే ప్రెషర్ కుక్కర్‌కు పెదనాన్న లాంటి డబ్బాలో, ఆవిరి పట్టి చంపి పారెయ్యాలి. నేను నీళ్ళు పోసి సిద్ధం చేస్తుంటే అక్క కుడి ఫ్లాస్కు పట్టుకుని నిలబడింది.

“ఏమే. పరీక్ష అయిపోయింది కదా.”

“అయిపోయింది.”

“ఇప్పుడు ఇవ్వొచ్చా?”

నేను తలుపు వైపు చూశాను. మేడమ్ లేరు. “ఇవ్వు,” అన్నాను.

ఆమె గ్లూకోజ్ సీసా మూత తీసి, స్పాచులాతో ఇంత తీసి ఫ్లాస్కులో వేసి, మెల్లగా తిప్పింది. వేసినదంతా కరిగేదాకా ఆగింది. నేనూ ఆగాను. తరువాత రెండు ఫ్లాస్కులూ లోపల పెట్టి మూత బిగించాం.

ఆటోక్లేవ్ ఆపగానే తెరవకూడదు. ప్రెషర్ ముల్లు సున్నాకు రావాలి. మాదానికి ముప్పావు గంట పడుతుంది. అంతసేపూ ఇద్దరం దాని పక్కనే కూర్చున్నాం.